రాత్రివేళ కుక్కల అరుపు: భయమెంత, వాస్తవమెంత?

చైతన్యపురిలో మేముంటున్న సందులో ఒక పెద్దావిడ ఉన్నారు. నల్లగొండ వైపు పల్లె నుండి వచ్చి కొడుకు దగ్గర స్థిరపడినవారు. ఐదు పూటలా నమాజు తప్పనివారు. రక్తపోటుకు చాలాకాలంగా మాత్రలు వాడుతున్నవారు. ఆ మధ్య ఒక చిత్త కార్తెలో మా సందు వెనుకవైపు నుండి వరుసగా నాలుగు రాత్రులు కుక్క ఊళ వినిపించింది. ఐదవ నాటి ఉదయం ఆమె కోడలు మా ఇంటికి వచ్చి, “మౌల్వీ సాబ్, అత్తమ్మ మూడు దినాల సంది గోళీలు ఏసుకుంటలేరు. మీరన్న జర చెప్పండి” అన్నది.

నేను వెళ్లి కారణమడిగాను. ఆమె మంచం మీద కూర్చుని తస్బీహ్ తిప్పుతూ, ఏ ఆందోళనా లేకుండా, “కుక్కలు ఏడుస్తున్నయి బిడ్డా. మనకు కానరానిది వాటికి కానొస్తదని హదీసుల ఉన్నదంటరు గద. పిలుపొచ్చినంక గోళీలెందుకు?” అన్నారు.

ఆమె మాటలో భయం లేదు. అల్లాహ్ నిర్ణయానికి తలవంచాలన్న ఉద్దేశమే ఉన్నది. అయినా ఆ ఉద్దేశం ఆమెను మందు మానేవరకు తీసుకుపోయింది. పైగా ఆమె ఆధారంగా చూపినది ఏదో ముసలమ్మ ముచ్చట కాదు, హదీసు. కనుక “ఇదంతా మూఢనమ్మకం” అని ఒక్క మాటతో తేల్చివేయటానికి వీలులేదు. కుక్కలు రాత్రివేళ అకస్మాత్తుగా ఎందుకు అరుస్తాయి? హదీసులో ఉన్నదేమిటి? మనం దానికి చేర్చుకున్నదేమిటి? ఈ మూడు ప్రశ్నలనూ వరుసగా పరిశీలిద్దాము.

అరుపులన్నీ ఒకటి కావు

మనం “కుక్క అరిచింది” అని ఒక్క మాటతో సరిపెట్టుకుంటాము గాని, భాష తెలిసినవారు ఆ అరుపులను ఏనాడో వేరుచేశారు. తెలుగులో మొరగటం వేరు, గుర్రుమనటం వేరు, కుయ్యిమనటం వేరు, ఊళపెట్టటం వేరు. అరబీ భాషలో ఈ విభజన ఇంకా సూక్ష్మమైనది. హిజ్రీ 429లో (క్రీ.శ. 1038) మరణించిన భాషావేత్త సఆలిబీ తన ‘ఫిఖ్హుల్లుఘా’ గ్రంథంలో కుక్క ధ్వనులకు విడివిడిగా పేర్లు చెప్పాడు. అన్ని స్థితులలోనూ వినిపించే మొరుగుడు ‘నుబాహ్’. ఆకలిగొన్నప్పటి అరుపు ‘జుగా’. భయపడినప్పటిది ‘వఖ్వఖా’. ఏదైనా నచ్చనప్పుడు చేసే గుర్రు ‘హరీర్’. వెయ్యేళ్ల క్రిందటి ఆ పండితుడు, అరుపు వెనుక కారణమున్నదనీ, కారణం మారితే ధ్వని మారుతుందనీ గమనించాడన్నమాట.

నేటి శాస్త్రజ్ఞులు యంత్రాల సాయంతో చేరుకున్నది కూడా ఈ నిర్ణయానికే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన సోఫియా యిన్, బ్రెండా మెక్‌కొవన్ అనేవారు 10 కుక్కల మొరుగుళ్లను మూడు సందర్భాలలో రికార్డు చేసి 2004లో ఫలితాలు ప్రకటించారు. తలుపు గంట మోగి అలజడి కలిగినప్పుడు మొరుగుడు బొంగురుగా, మంద్రంగా ఉన్నది. ఒంటరిగా బంధించినప్పుడూ, ఆటలాడేటప్పుడూ అది సన్నగా, హెచ్చు స్థాయిలో ఉన్నది. మరుసటి సంవత్సరం బుడాపెస్టులో పీటర్ పోంగ్రాట్స్ బృందం మరొక సంగతి తేల్చింది. కుక్కలను ఎన్నడూ పెంచనివారు కూడా, రికార్డు చేసిన మొరుగుడు విని అది ఏ సందర్భంలోనిదో చాలావరకు పోల్చుకోగలిగారు.

దీనిని బట్టి పాఠకులు గ్రహించవలసినది ఇది. అర్ధరాత్రి అరుపు విని ఉలిక్కిపడినప్పుడు, భయపడటానికి ముందు ఒక్క క్షణం చెవి ఒగ్గి వినండి. బొంగురుగా, గబగబా మొరిగితే కొత్త మనిషో, పరాయి కుక్కో హద్దులోకి వచ్చినట్లు. సన్నగా, విరామమిచ్చి, అదే పనిగా అరిస్తే ఒంటరితనమో, బాధో. దీర్ఘంగా రాగం తీస్తే అది ఊళ. దాని సంగతి వేరుగా చెప్పుకుందాము.

రాత్రే ఎందుకు?

పగలు కూడా కుక్కలు మొరుగుతాయి. దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో పగటిపూట మొరిగే కుక్కను ఎవరు వింటారు? మియాపూర్ నుండి ఎల్.బి. నగర్‌కు పోయే మెట్రో రైలు, దాని క్రింద విజయవాడ జాతీయ రహదారి, బస్సులు, ఆటోలు, బండ్లవాళ్ల కేకలు అన్నీ కలిసి ఆ అరుపును మింగివేస్తాయి. చివరి మెట్రో వెళ్లిపోయి, దుకాణాల షట్టర్లు దిగిన తర్వాత అదే అరుపు పది ఇళ్లకు వినిపిస్తుంది.

దీనికి తోడు గాలి స్వభావం కూడా ఉన్నది. పగటివేళ నేల వేడెక్కి, నేలను అంటిన గాలి పైగాలి కంటె వెచ్చగా ఉంటుంది. అప్పుడు శబ్దం పైకి వంగిపోతుంది. నిర్మలమైన రాత్రులలో నేల త్వరగా చల్లబడి, క్రిందిగాలి చల్లగానూ పైగాలి వెచ్చగానూ మారుతుంది. అప్పుడు శబ్దం తిరిగి నేలవైపు వంగి, చాలా దూరం ప్రయాణిస్తుంది. చలికాలపు రాత్రులలో సరూర్‌నగర్ చెరువు అవతలి అరుపు మన కిటికీ దగ్గరే వినిపించినట్లు తోచటానికి కారణమిదే.

ఇక కుక్కల దినచర్య. మన ఎండలలో వీధికుక్క పగలంతా కారు క్రిందనో, చెట్టు నీడనో పడుకుంటుంది. ప్రొద్దు కుంకిన తర్వాత, తెల్లవారు ముందు దాని సంచారం ఎక్కువ. జనం, వాహనాలు తగ్గిన వీధి అప్పుడు దాని రాజ్యం. ప్రతి గుంపుకు ఒక హద్దున్నది. చైతన్యపురిలో హాస్టళ్లు, టిఫిన్ బండ్లు, మాంసం దుకాణాలు ఎక్కువ. రాత్రి మిగిలిన అన్నం, ఎముకలు, కోడి వ్యర్థాలు వీధి మొగలో పడతాయి. ఆ కుప్ప ఏ గుంపుదన్న తగవు అర్ధరాత్రి తేలుతుంది. వేళగాని వేళ ఇంటింటికి భోజనం చేరవేసే కుర్రవాళ్ల బండ్లు హద్దు దాటి వస్తాయి. వేగంగా కదిలేదానిని తరమటం కుక్క స్వభావం. ఒక కుక్క మొరిగితే పక్క సందులోనిది కారణం తెలియకుండానే అందుకుంటుంది. దానిని విని మూడవది అందుకుంటుంది. ఐదు నిమిషాలలో కొత్తపేట దాకా పాకుతుంది.

ఋతువును కూడా మరువరాదు. తెలుగు పల్లెలలో ‘చిత్త కార్తె కుక్కలు’ అన్న మాట ఊరికే పుట్టలేదు. వానలు వెనుకబట్టే కాలంలో మన వీధికుక్కలు ఎదకు వస్తాయి. ఒక ఆడకుక్క వెంట నాలుగైదు మగకుక్కలు పడతాయి. రాత్రంతా కొట్లాటలే. తర్వాత చలికాలంలో పిల్లలు పుడతాయి. పిల్లలున్న తల్లి నీడను చూసినా మొరుగుతుంది. ఇందులో వింత ఏమున్నది? తల్లి కాదా?

మనకు వినిపించనిది

“వీధిలో ఎవరూ లేరు, పిల్లి కూడా లేదు, అయినా గోడకేసి చూస్తూ మొరుగుతున్నది” అని చాలామంది చెబుతారు. చూసినవారు అబద్ధమాడటం లేదు. అయితే మనకు కనిపించనంత మాత్రాన అక్కడ ఏమీ లేదని చెప్పలేము.

మనిషి చెవి సెకనుకు 20,000 కంపనాల వరకే శబ్దాన్ని వినగలదు. వయసు పెరిగేకొద్దీ అది కూడా తగ్గుతుంది. కుక్క చెవి సుమారు 45,000 కంపనాల వరకు వింటుంది. ఎలుకలు ప్రమాదం తోచినప్పుడు సుమారు 22,000 కంపనాల స్థాయిలో కూతపెడతాయి. అది మన పక్క గోడలోనే జరిగినా మనకు నిశ్శబ్దమే, కుక్కకు మాత్రం కేక. మురుగుకాలువలో ఎలుక కూసినా, మూతపడిన దుకాణంలో యంత్రమేదైనా సన్నగా ఈలవేసినా మనకు తెలియదు.

వాసన విషయంలో ఈ తేడా మరింత పెద్దది. వాసనను పసిగట్టే కణాలు మనిషి ముక్కులో లక్షల లెక్కలో ఉంటే, కుక్క ముక్కులో కోట్ల లెక్కలో ఉంటాయి. గంట క్రిందట గోడవెంట పోయిన పరాయి కుక్క దానికి ఇంకా అక్కడే ఉన్నట్లు. కంటి లోపల వెలుతురు పట్టే పొర వెనుక అద్దం వంటి మరొక పొర ఉన్నది. వచ్చిన కొద్ది వెలుతురును అది తిరిగి కంటికే పంపుతుంది. చీకటిలో కుక్క కన్నులు మెరిసేది దానివల్లనే. మసక వెలుతురులో ఏ చిన్న కదలికైనా దానికి మనకంటె స్పష్టంగా తెలుస్తుంది.

కనుక “కుక్కకు తెలిసేది మనకు తెలియదు” అన్నది పూర్తిగా నిజమైన మాట. ఇందులో భయపడవలసినది లేదు. సృష్టికర్త ఒక్కొక్క ప్రాణికి ఒక్కొక్క జ్ఞానమిచ్చాడు. భూమి మీద నడిచే జంతువులు, రెక్కలతో ఎగిరే పక్షులు మీవంటి సముదాయాలేనని దివ్య ఖుర్ఆన్ అన్ఆమ్ సూరా 38వ ఆయతులో తెలియజేస్తున్నది.

ఊళ సంగతి

మన భయమంతా మొరుగుడు మీద కాదు, ఊళ మీద. ఉర్దూలో దీనిని కుక్క ‘రోనా’ అంటారు, తెలుగులో కుక్క ‘ఏడుపు’ అంటారు. పేరులోనే పొరపాటున్నది. ఏడుపు మనది. కుక్కకు అది దూరాన ఉన్నవారిని పిలిచే పిలుపు. తోడేలు జాతి నుండి కుక్కకు వచ్చిన వారసత్వమది. గుంపు నుండి విడిపోయిన తోడేలు దీర్ఘమైన రాగం తీస్తుంది, గుంపు జవాబిస్తుంది. బుడాపెస్టు శాస్త్రజ్ఞులు 68 జాతికుక్కలకు తోడేలు ఊళలు వినిపించి 2023లో ఫలితాలు ప్రకటించారు. తోడేలుకు దగ్గరైన ప్రాచీన జాతుల కుక్కలే ఊళకు ఊళతో ఎక్కువగా బదులిచ్చినట్లు అందులో తేలింది. ఒంటరిగా కట్టివేసిన కుక్క, తోడు తప్పిన కుక్క, పిల్లలను పోగొట్టుకున్న కుక్క ఊళపెట్టటం ఈ కారణంగానే.

దీర్ఘంగా సాగే ధ్వని ఏది విన్నా కుక్క దానిని ఊళగానే భావించి స్వరం కలపటం పరిపాటి. రహదారి మీద అంబులెన్సు సైరన్ మోగితే ఎల్.బి. నగర్ నుండి మలక్‌పేట దాకా కుక్కలు అందుకునేది ఇందుకే.

ఇక్కడ చాలామంది సోదరులు అడిగే ప్రశ్న ఒకటున్నది. ఫజ్ర్ అజాన్ వేళ కుక్కలు ఊళపెడతాయెందుకు? కొందరు దీనిని పట్టుకుని ఎగతాళి చేస్తారు. మనవారిలో కొందరు, అజాన్ విని పారిపోయే షైతాన్‌ను చూసి కుక్కలు ఏడుస్తున్నాయని జవాబు చెబుతారు. రెండూ సరికావు. అజాన్ విని షైతాన్ పారిపోతాడని హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీలో ఉన్నది. దానిని విశ్వసిస్తాము. కాని అప్పుడు కుక్కలు ఏడుస్తాయని ఆ హదీసులో లేదు. లేని మాటను హదీసుకు అంటగట్టటం చిన్న తప్పు కాదు. నిశ్శబ్దమైన తెల్లవారుజామున, లౌడు స్పీకరు ద్వారా, దీర్ఘంగా సాగే ఒంటి గొంతు ఒక మస్జిదు తర్వాత ఒక మస్జిదు నుండి వినిపిస్తుంది. కుక్క చెవికి అది దూరపు పిలుపు. అది జవాబిస్తుంది. గుడి మైకులో ఆలాపన మొదలైనా, సైరన్ మోగినా అలాగే జవాబిస్తుంది. ఇందులో అజాన్‌కు అవమానమూ లేదు, మహిమకు రుజువూ లేదు.

అరబ్బులకు కుక్క అరుపు భయహేతువు కాదు, ఆశాకిరణం. ఎడారిలో రాత్రి దారి తప్పిన బాటసారి తానే కుక్కలా మొరిగేవాడు. ఎక్కడో గుడారాల దగ్గరి కుక్కలు విని బదులు మొరిగేవి. ఆ దిక్కున నడిచి అతడు అతిథిగా చేరేవాడు. అటువంటి బాటసారిని ‘ముస్తన్బిహ్’ అన్నారు. ఆతిథ్యాన్ని పొగిడే ప్రాచీన అరబీ కవితలలో ఈ మాట తరచు వస్తుంది. హిజ్రీ 255లో మరణించిన బస్రా పండితుడు జాహిజ్ తన ‘కితాబుల్ హయవాన్’లో కుక్క పక్షాన ఒకరు, కోడిపుంజు పక్షాన ఒకరు వాదిస్తున్నట్లు ఎంతో విస్తారంగా వ్రాశాడు. తర్వాతి కాలంలో ఈజిప్టుకు చెందిన దమీరీ (మరణం హిజ్రీ 808) తన ‘హయాతుల్ హయవాన్’లో కుక్కను గురించి స్వభావం మొదలు ధర్మశాస్త్రం వరకు చర్చించాడు. మన పూర్వ పండితులు ఈ ప్రాణిని చూసి ముఖం తిప్పుకోలేదు. కూర్చుని గమనించారు.

హదీసు ఏమంటున్నది?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన హదీసు అబూ దావూద్‌లో ఉన్నది. రాత్రివేళ కుక్కల మొరుగుడు, గాడిదల ఓండ్ర విన్నప్పుడు అల్లాహ్ శరణు కోరవలెననీ, మీరు చూడనివి అవి చూస్తాయనీ దాని భావం. కోడికూత వింటే అల్లాహ్ అనుగ్రహాన్ని అర్థించవలెననీ, గాడిద ఓండ్ర వింటే షైతాన్ నుండి శరణు కోరవలెననీ తెలిపే మరొక హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. కుక్కలు చూసేవి జిన్నులు, షైతానులని వ్యాఖ్యాతలు వివరించారు.

జిన్నులు ఉన్నారన్నది మన విశ్వాసంలో భాగం. దానిని దాచిపెట్టి, హదీసులోని మాట కేవలం చెవి, ముక్కుల శక్తిని గురించేనని నేను చెప్పబోవటం లేదు. అగోచర విషయాన్ని ప్రయోగశాలలోకి ఈడ్చి కొలవటం మన పని కాదు. అయితే ఆ హదీసు ఎంతవరకు చెప్పిందో అంతవరకే ఆగటం మన పని.

మొదటి సంగతి. ప్రతి మొరుగుడుకూ కారణం జిన్నే అని హదీసు చెప్పలేదు. మందకు, పొలానికి కాపలాగా, వేటకు కుక్కను ఉంచుకోవటానికి ప్రవక్త (స) అనుమతించారు. తోడేలు వస్తే మొరగటమే మందకుక్క పని. ఇంటి కాపలాను కూడా దీనితో పోల్చి అనుమతించిన ధర్మవేత్తలు ఉన్నారు. మొరుగుడంతా అదృశ్య శక్తులను చూసి చేసేదే అయితే ఈ అనుమతికి అర్థమేమిటి? కనుక కంటికి కనిపించే కారణాలను హదీసు త్రోసిపుచ్చలేదు.

రెండవ సంగతి. హదీసు మనకు ఆదేశించినది ఒకే పని, అల్లాహ్ శరణు కోరటం. అది ఒక్క వాక్యం. దానితో గుండె కుదుటపడాలి. లేచి దీపాలన్నీ వేసి, పిల్లలను భయపెట్టి, మరునాడు తాయెత్తు కోసం పరుగెత్తమని అందులో లేదు. కుక్కను రాళ్లతో కొట్టమని అంతకంటె లేదు.

మూడవ సంగతి అన్నిటికంటె ముఖ్యమైనది. కుక్క అరుపు మరణవార్త అని హదీసులో ఎక్కడా లేదు. ఏ ప్రాణీ తాను ఏ నేల మీద మరణిస్తుందో ఎరుగదనీ, ఆ జ్ఞానం అల్లాహ్‌కే ఉన్నదనీ లుఖ్మాన్ సూరా చివరి ఆయతు స్పష్టం చేస్తున్నది. సాటి మనిషి ఎరుగని దానిని వీధికుక్క ఎరుగునని నమ్మటం ఈ ఆయతు ముందు నిలుస్తుందా?

శకునానికి తావులేదు

ఇస్లాంకు పూర్వపు అరబ్బులకు ‘హామా’ అనే నమ్మకముండేది. హత్యకు గురైనవాని తల నుండి గుడ్లగూబ వంటి పక్షి పుట్టి, పగ తీరేవరకు దాహమని అరుస్తుందని వారు భావించేవారు. రాత్రిపక్షి ఇంటి మీద వాలి కూస్తే మరణమని భయపడేవారు. మన కుక్క ఏడుపు నమ్మకానికీ దీనికీ తేడా ఎంత? ప్రవక్త (స) ఆ హామాను, శకునాన్ని పేరుపెట్టి మరీ నిరాకరించారు. ఈ హదీసు బుఖారీలో ఉన్నది.

హిజ్రీ 10వ సంవత్సరంలో (క్రీ.శ. 632) ప్రవక్త (స) కుమారుడు పసివాడైన ఇబ్రాహీం మరణించిన రోజుననే సూర్యగ్రహణం పట్టింది. ఆ మరణం వల్లనే గ్రహణమని జనం అనుకున్నారు. సొంత బిడ్డను పోగొట్టుకున్న ఆ దుఃఖంలో కూడా ఆయన (స) ఆ మాటను సాగనివ్వలేదు. సూర్యచంద్రులు ఎవరి చావు పుట్టుకల కోసమూ గ్రహణం పట్టవని ప్రకటించి, నమాజు చేయమన్నారు. ప్రవక్త కుమారుని కోసం సూర్యుడే గుర్తు చూపలేదంటే, మన ఇంటి చావు కోసం కుక్క గుర్తు చూపుతుందా?

“మా తాత పోయేముందు కుక్క ఏడ్చింది” అని అనుభవం చెప్పేవారున్నారు. వారి మాటను కాదనను. అయితే జబ్బు మనిషి ఉన్న ఇల్లు చూడండి. రాత్రంతా దీపాలు, వచ్చిపోయే కొత్త మనుషులు, గేటు చప్పుళ్లు, అంబులెన్సు. వీధికుక్క అలజడి పడటానికి ఇంతకంటె ఏమి కావాలి? అంతేగాక, కుక్క ఊళపెట్టి ఎవరూ చనిపోని రాత్రులు ఎన్నో గడిచాయి. వాటిని ఎవరూ లెక్కపెట్టలేదు. చనిపోయిన ఆ ఒక్క రాత్రి మాత్రం మూడు తరాలు గుర్తుంటుంది.

మన బాధ్యత

భయపడనవసరం లేని చోట భయపడుతున్నాము గాని, జాగ్రత్తపడవలసిన చోట పడటం లేదు. 2023 ఫిబ్రవరిలో మనకు దగ్గరలోని అంబర్‌పేటలో వీధికుక్కలు 4 సంవత్సరాల బాలుని చంపివేశాయి. ఫజ్ర్‌కు ఒంటరిగా నడిచే వృద్ధులను గుంపులు చుట్టుముట్టటం మనమందరం చూస్తున్నాము. అటువంటప్పుడు పరుగెత్తరాదు. పరుగెత్తే దానిని తరమటమే వాటి స్వభావం. నిలబడి, కళ్లలోకి చూడకుండా, మెల్లగా వెనుకడుగు వేయాలి. వీలైతే ఇద్దరు ముగ్గురు కలిసి మస్జిదుకు నడవాలి.

నిజంగా భయపడవలసిన గొంతు ఒకటున్నది. పిచ్చి సోకిన కుక్కకు గొంతు కండరాలు చచ్చుబడి అరుపు బొంగురుపోతుంది. మొరుగుడు మొదలై ఊళగా ముగుస్తుంది. చొంగ కారుస్తూ, తూలుతూ తిరిగే కుక్కకు దూరంగా ఉండాలి. కరిస్తే, గీరినా సరే, గాయాన్ని పారే నీటిలో సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. కారం, పసుపు, నూనె పూయరాదు. ఆ రోజే టీకా మొదలుపెట్టి వైద్యుడు చెప్పిన తేదీలన్నీ పూర్తిచేయాలి. నారాయణగూడలోని ఐ.పి.ఎం.లో, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో ఈ చికిత్స దొరుకుతుంది. లక్షణాలు బయటపడిన తర్వాత ఈ వ్యాధి దాదాపు ఎవరినీ విడిచిపెట్టదు. మంత్రించిన నీళ్లతో కాలం గడపరాదు.

వీధిలో కుక్కల తగవు తగ్గాలంటే ముందు కుప్ప తగ్గాలి. ఇందులో మనవంతు ఉన్నది. బక్రీద్ నాడు ప్రేగులు, తోలు ముక్కలు సందు మొగలో పడవేసి, ఆ రాత్రి కుక్కలు నిద్రపోనివ్వలేదని అంటే ఎలా? వ్యర్థాలను మూటకట్టి పురపాలక బండికి అప్పగించాలి. 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధికుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్స, పిచ్చికుక్క వ్యాధి టీకా చేయించటం స్థానిక సంస్థల పని. చేయించిన కుక్కకు చెవి కొస కత్తిరించి గుర్తుపెడతారు. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా, పిచ్చి సోకినవి, దాడిచేసేవి తప్ప మిగిలిన వాటిని శస్త్రచికిత్స, టీకా తర్వాత తెచ్చిన చోటనే వదలమన్నది. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల నుండి తొలగించమని అదే సంవత్సరం నవంబరు 7న ఆదేశించింది. మీ సందులో చెవి గుర్తు లేని కుక్కలుంటే నలుగురూ కలిసి ఫిర్యాదు వ్రాయండి. విషం పెట్టటం మాత్రం చట్టరీత్యా నేరం, ధర్మరీత్యా దౌర్జన్యం. పిల్లిని కట్టివేసి ఆకలితో చంపిన స్త్రీ నరకానికి పోయిందన్న హదీసు మనకు తెలియనిది కాదు.

కుక్క లాలాజలం విషయంలో శుద్ధి నియమాలున్నాయి. అది మూతిపెట్టిన పాత్రను ఏడుసార్లు కడగమని హదీసు. వివరాలలో మజ్‌హబుల మధ్య భేదాలున్నాయి. అయితే అశుద్ధత వేరు, ద్వేషం వేరు. గుహవాసుల గడపలో ముందుకాళ్లు చాపి పడుకున్న కుక్కను అల్లాహ్ తన గ్రంథంలో ప్రస్తావించాడు.

ఆ ఊళ ఎవరిది?

మళ్లీ మా సందుకు వస్తాను. ఆ నాలుగు రాత్రులూ నేను కూడా ఊళ విన్నాను. అల్లాహ్ శరణు కోరాను, కిటికీ మూసుకున్నాను, పడుకున్నాను. సున్నతును పాటించానన్న తృప్తి కూడా కలిగింది. పెద్దావిడ మాట విన్న తర్వాతగాని, అసలు ఆ అరుపు ఎక్కడిదని అడగాలన్న ఆలోచన నాకు రాలేదు.

ఆ ఉదయమే ఆమె మనుమడు, నేను కలిసి వెనుక సందులోకి వెళ్లాము. సగం కట్టిన భవనం ఒకటి అక్కడ ఉన్నది. కాపలా మనిషి పండుగకు ఊరికి పోయాడు. మొదటి అంతస్తులో ఒక కుక్కను స్తంభానికి గొలుసుతో కట్టి వెళ్లాడు. తిండి పెడతానన్నవాడు ఎవరో రాలేదు. నీళ్ల గిన్నె బోర్లాపడి ఉన్నది. రాత్రి అది పిలిచేది, క్రింది కుక్కలు బదులిచ్చేవి. మేము వెళ్లేసరికి దానికి లేచే ఓపిక కూడా లేదు. కుర్రవాడు సిమెంటు తొట్టిలో నీళ్లు తెచ్చి దూరం నుండి జరిపాడు. అది తాగిన తీరు చూసి ఇద్దరమూ మాట్లాడలేకపోయాము.

దాహంతో మట్టి నాకుతున్న కుక్కకు బావిలోకి దిగి తన మేజోడుతో నీరు తెచ్చి తాపిన మనిషిని అల్లాహ్ క్షమించాడని బుఖారీలో హదీసున్నది. పశువుల విషయంలోనూ మాకు పుణ్యముందా అని సహచరులు అడిగితే, ప్రాణమున్న ప్రతిదానిలోనూ ఉన్నదని ప్రవక్త (స) జవాబిచ్చారు. ఈ హదీసును నేను ఎన్నోమార్లు అనువదించాను. ఎన్నో సభలలో చెప్పాను. నాలుగు రాత్రులు కిటికీ మూసుకున్నవాణ్ణి కూడా నేనే.

తిరిగి వచ్చి పెద్దావిడకు చూసినది చూసినట్లు చెప్పాము. రోగానికి మందు వాడమనీ, మందు లేని రోగాన్ని అల్లాహ్ దించలేదనీ తెలిపే హదీసును గుర్తుచేశాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మనుమని వైపు తిరిగి, “దానికి మల్ల నీళ్లు పెట్టినవా?” అని అడిగారు. పెట్టానన్నాడు. “ఇగ నా గోళీల డబ్బ అందుకో” అన్నారు.

రాత్రివేళ కుక్క అరుపు వినిపిస్తే అల్లాహ్ శరణు కోరండి. అది మనకు నేర్పబడిన పద్ధతి. ఆ తర్వాత వీలుంటే, ఆ ప్రాణికి ఏమైనదో కూడా కనుక్కోండి.